బాగుచేసిన చెవి

ఈత కొలను గోడ మీద డాల్ఫిన్‌కు తోక నిలువుగా గీశారని కొలబద్ద ఆ కొలను యజమానితో మూడు వారాలు పోట్లాడింది. చేపకైతే తోక నిలువుగా ఉంటుంది, అటూ ఇటూ ఊపుతుంది. డాల్ఫిన్‌కు అడ్డంగా ఉంటుంది, పైకీ కిందికీ కొడుతుంది. ఈ మాత్రానికే గొడవెందుకు, పిల్లలకేం తెలుస్తుందిలెండి అన్నాడాయన. ఆ మాటకు ఆవిడ ఒళ్లు మండిపోయింది. చివరికి ఆయనే విసిగి వేసారి, రంగు డబ్బా ఆవిడ చేతిలో పెట్టి, మీరే దిద్దుకోండి తల్లీ అని దండం పెట్టాడు. దిద్దింది. పనిలో పనిగా పక్కరెక్కను కూడా రెండంగుళాలు వెనక్కి జరిపింది.

కొలబద్ద అనేది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, మ్యూజియంలో వాళ్లు పెట్టింది. అక్కడ ఇరవై రెండేళ్లుగా తిమింగలాలకూ డాల్ఫిన్లకూ బొమ్మలు గీయడమే ఆవిడ ఉద్యోగం. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ప్రతి కళేబరాన్నీ కొలవాలి. ముక్కు కొన నుంచి కంటికెంత, కంటి నుంచి చెవి రంధ్రానికెంత, వీపు రెక్క ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది, దవడలో పళ్లెన్ని. డాల్ఫిన్ చెవి రంధ్రమంటే ఎంతనుకున్నారు? గుండుసూది గుచ్చినంత. దాన్ని కూడా వెతికి పట్టుకుని చోటు రాసుకుంటుంది. ఆ తర్వాత పై అంతస్తు గదిలో కూర్చుని, తల ఎప్పుడూ ఎడమవైపుకే ఉండేలా, సన్నటి కలంతో చుక్క మీద చుక్క పెట్టి పటం తయారుచేస్తుంది. ఒక్కో పటానికి నెల పట్టినా ఎవరూ తొందరపెట్టే సాహసం చేయరు.

ఇంత నిక్కచ్చి మనిషికీ ఒక్క చోట అబద్ధమాడే హక్కుంది. ఆ గదిలో దానికి 'బాగుచేయడం' అని పేరు. ఒడ్డుకొచ్చే జంతువు ముస్తాబై రాదు కదా. పడవ మర కోసిన గాటుంటుంది, వల ఒరుసుకున్న చార ఉంటుంది, పన్ను విరిగి ఉంటుంది. అది ఆ ఒక్క ప్రాణి ఖర్మే తప్ప జాతి లక్షణం కాదు. అందుకని కుడి పన్ను చూసి ఎడమ పన్ను నిలబెడతారు, గాటు పూడుస్తారు, పటం కింద మూల చీమ తలకాయంత అక్షరంతో 'బా.' అని రాస్తారు. దాని అర్థం ఆ గదిలో వాళ్లకే తెలుసు. ఇన్నేళ్లలో అదేమిటని అడిగిన పాపాన పోయినవాడు లేడు.

ఆ ఏడాది ఓడరేవును లోతు చేసే పని మొదలైంది. నీటి అడుగున ఉన్న బండను మందుపెట్టి పేల్చాలి. మందు అమర్చడానికీ, పేలాక బండ ఎంత విరిగిందో చూడటానికీ గజఈతగాళ్లు దిగాలి. వాళ్లలో కొలబద్ద తమ్ముడొకడు. ఆవిడ కన్నా పన్నెండేళ్లు చిన్న. తల్లి పోయిన నాటి నుంచీ అన్నం పెట్టిందీ, అక్షరాలు దిద్దించిందీ, నీళ్లు కనబడితే దూకేవాడి జుట్టు పట్టి పైకి లాగిందీ అక్కే. వాణ్ని బుడగ అని పిలుచుకుంటుంది. ముప్పై దాటినా వాడింకా ఆ పేరుకు పలుకుతాడు. వాడికేమైనా అయితే ఆవిడకు ఈ లోకంలో ఇంకెవరూ లేరు, అదీ సంగతి.

పేలుళ్లు మొదలైన పదిహేను రోజులకు మొదటి డాల్ఫిన్ ఒడ్డుకొచ్చింది. జంతువుల డాక్టరు కోసి చూపించాడు. చెవి ఎముక చుట్టూ రక్తం గడ్డకట్టి ఉంది, ఇటుకరాయి నానబెట్టిన నీళ్ల రంగులో. ఏ పడవకో కొట్టుకుని ఉంటుందన్నాడాయన. ఆవిడ ఆ రంగును జాగ్రత్తగా కలిపి చిత్తు కాగితం మీద వేసుకుంది, పటంలో ఓ పక్కన విడిగా వేసే చెవి ఎముకను మాత్రం బాగుచేసింది. ఎముక గవ్వలా తెల్లగా, నున్నగా వచ్చింది. రెండోది వచ్చింది, అదే రక్తం. అదీ దెబ్బే అనుకుందాం. మూడోదానికైనా చెయ్యి ఆగాలా వద్దా? ఆగలేదు. ఇరవై రెండేళ్ల అలవాటు చేతిలో ఉంది, కళ్లకు చెప్పకుండానే పని చేసుకుపోయింది. మొత్తం ఆరు డాల్ఫిన్లొచ్చాయి, పన్నెండు చెవులూ బాగుపడ్డాయి.

మంగళవారం పొద్దున టీ తాగుతూ తమ్ముడు మహా సంబరంగా ఓ కబురు చెప్పాడు. చెవుల్లో హోరుగా ఉంటోందనీ, డాల్ఫిన్లే చస్తుంటే మా గతేమిటనీ ఈతగాళ్లు నసుగుతున్నారట. పెద్ద ఇంజనీరు మ్యూజియం నుంచి బొమ్మ తెప్పించి షెడ్డు గోడకు అంటించాడట. చూడండి, డాల్ఫిన్ చెవే చెక్కుచెదరలేదు, మీకేమిటి భయం అన్నాడట. అందరి నోళ్లూ మూతపడ్డాయట. బుధవారం అన్నిటికన్నా పెద్ద పేలుడు ఉంది. ఈసారి కూడా ఒడ్డెక్కనక్కర్లేదు, కాస్త దూరంలో నీళ్లలోనే ఉంటే చాలన్నారట.

"మా అక్క గీసిందని అందరికీ చెప్పా. ఇంజనీరే నా భుజం తట్టాడు తెలుసా" అన్నాడు.

కొలబద్ద గ్లాసు కింద పెట్టింది. "బొమ్మ కింద మూల 'బా' అని ఉందా?"

"ఏ బావ? మన ఇంట్లో బావెవరూ లేరుగా" అని వాడు పడీ పడీ నవ్వాడు. తర్వాత, ఉత్త చెవి వరకే కత్తిరించి పెద్దది చేశారనీ, దాని కింద ఏమీ లేదనీ చెప్పి పనికి వెళ్లాడు.

ఆవిడ టీ సగంలోనే వదిలేసి బయల్దేరింది. మ్యూజియానికి వెళ్లి సొరుగు లాగితే ఆరు పటాలూ తెల్లగా, అందంగా ఉన్నాయి. చిత్తు కాగితాలు తీసింది. పటం పూర్తవగానే చిత్తును రబ్బరుతో చెరిపి, తడి గుడ్డతో తుడిచి, మళ్లీ వాడుకోవడం ఆవిడ పద్ధతి. ఎంత పనిమంతురాలంటే, వెలుతురుకు పట్టి చూసినా గులాబీ మరక కూడా మిగల్లేదు. డాక్టరు నివేదిక అడిగింది. అందులో చెవుల గురించి ఒక్కటే మాట ఉంది, 'పటము చూడుడు'. ఎముకలేవండీ అంటే, సున్నం వేసి పూడ్చేశాం కదా, మీ బొమ్మ ఉండగా ఎముకలెందుకు అన్నాడు. ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు, పాపం.

మ్యూజియం పెత్తనమంతా చూసే క్యూరేటరు దగ్గరికి వెళ్లింది. ఆయన తాపీగా విన్నాడు. మీరు తప్పు గీశారని మీరే రాసిస్తారా, ఇరవై రెండేళ్ల పటాలన్నీ అనుమానంలో పడతాయి, బాగా ఆలోచించుకోండి అన్నాడు. ఆలోచించేదేమీ లేదంటూ ఆవిడ నిలబడే రాసి సంతకం పెట్టింది. ఆయన ఆ కాగితాన్ని బల్ల మీది గాజు బిళ్ల కింద పెట్టాడు.

"గురువారం కమిటీ ఉంది. అందులో పెడతాను."

"పేలుడు రేపండీ."

"గురువారమేనమ్మా కమిటీ" అన్నాడు, ఆవిడకు వారాల పేర్లు తెలియనట్టు.

ఓడరేవు గేటు దగ్గరికి వెళితే కాపలావాడు లోపలికి పోనివ్వలేదు. ఇంజనీరుకు ఫోను కలిపితే, మీ బొమ్మ అద్భుతం మేడమ్ అని చెప్పి పెట్టేశాడు.

ఇక మిగిలింది తమ్ముడొక్కడే. వాణ్ని ఆపితే చాలు, తక్కిన లోకం సంగతి తర్వాత చూసుకోవచ్చు. మధ్యాహ్నం మూడింటికి ఇల్లు చేరేసరికి వాడు పెరట్లో అటు తిరిగి కూర్చుని, తన రబ్బరు సూటును గుడ్డతో తుడుచుకుంటున్నాడు. కుళాయి కట్టేసి ఉంది. వీధిలో కూడా చప్పుడు లేదు. తీగ మీద వాడి దిండు గలీబు ఆరుతోంది. పొద్దున తనే ఉతికింది. రెండు వారాలుగా దాని మీద ఇటుక రంగు మరక పడుతోంది. గడ్డం గీసుకుంటూ కోసుకున్నాడు కాబోలనుకుని, సబ్బు వేసి రుద్ది, రోజూ పోగొడుతోంది.

"రేపు నీళ్లల్లోకి దిగొద్దురా బుడగా" అంది వాడి వెనక నిలబడి. "ఆ బొమ్మ అబద్ధం. ఆ చెవులన్నీ రక్తమే. నేనే చెరిపేశాను."

వాడు ఏదో పాట కూనిరాగం తీస్తూ సూటు మోచేతి దగ్గర తుడుస్తున్నాడు. చెయ్యి ఆగలేదు, తల తిరగలేదు.

ఆవిడ ఎదురుగా వెళ్లింది. వాడు ఉలిక్కిపడి నవ్వాడు. "ఎప్పుడొచ్చావక్కా? పిల్లిలా వస్తావు నువ్వు." పక్కనే ఉన్న మనిషితో అంత గట్టిగా ఎవరూ మాట్లాడరు.

కొలబద్ద వాడి గడ్డం పట్టుకుని, పటంలో పెట్టినట్టు తలను ఎడమవైపుకు తిప్పింది. చెవిలో, లోపల, ఆ రంగే ఉంది. ఆరుసార్లు తన చేత్తో కలిపిన రంగు.

"నన్ను కూడా కొలుస్తావా ఏంటి?" వాడు చక్కిలిగింతలు పెట్టినట్టు మెలికలు తిరిగాడు. "అవునక్కా, రేపు ఐదింటికి నువ్వే లేపాలి. ఆ అలారం పాడైనట్టుంది, ఈమధ్య అసలు మోగట్లేదు."

అలారం రోజూ మోగుతూనే ఉంది. రెండు గదుల అవతలి నుంచి లేచి వచ్చి దాన్ని ఆపుతున్నది ఆవిడే.