మెట్ల మొక్కు

పసుపు గిన్నె తెచ్చి నా ముందు పెట్టి, "శనివారం మంచిరోజు. కొండకెళ్దాం" అంది మా అత్త చిలకమ్మ. నాకు బైపాస్ ఆపరేషన్ జరుగుతున్నప్పుడు ఆవిడ సింహాచలం అప్పన్నకి మొక్కుకుందట. కోడలు బతికి బయటపడితే ఆ కోడలి చేతే కొండ మెట్లన్నిటికీ పసుపు రాయించి బొట్లు పెట్టిస్తానని. మొక్కు ఆవిడది, వంగాల్సిన నడుము నాది.

నేను బతకాలనే మొక్కింది, కాదనను. కానీ బతికిన ఈ ఒంటి సంగతి ఆ ఇంట్లో ఎవరికీ ఎన్నడూ పట్టలేదు. పుట్టుకతోనే నా కీళ్ళు వదులు. నీళ్ళబిందె ఒరుసుకున్నా నడుము కమిలిపోయేది. పని తప్పించుకోడానికి సుకుమారాలు పోతోందనేవారు. నా బొటనవేలు వంగి ముంజేతికి ఆనుతుందని, మా ఉక్కునగరం క్వార్టర్‌కి వచ్చిన స్నేహితులందరికీ చూపించమనేవాడు మా ఆయన జగ్గారావు. చూపించి, నవ్వి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళేదాన్ని. గుండెల్లో నొప్పంటే గ్యాస్ అన్నాడు. ఆయన డ్యూటీకి క్యారేజీ కట్టి, మూత పెట్టి, అప్పుడు పడిపోయాను.

నా రక్తనాళాలు పుట్టుకతోనే పలచననీ, కుట్లు నిలవడమే కష్టమయిందనీ ఆపరేషన్ చేసిన డాక్టరు చెప్పాడు. కీళ్ళు వదులవడం, ఒళ్ళు కమలడం అన్నీ ఒకటే జబ్బు, ఇది వంశంలో దిగేది, మా అమ్మాయి శ్రీసత్యకీ గుండె స్కానింగ్ చేయించమన్నాడు. మా ఆయన ఇంటికొచ్చాక ఒకటే మాట అన్నాడు. "పెళ్ళి కావలసిన పిల్లకి జబ్బు పేరెట్టకు."

"నాను వంగలేనత్తా" అన్నాను, ముందున్న పసుపు గిన్నె వైపు చూసి.

"అయితే పిల్ల సేత్తదిలే. అప్పన్న మొక్కు ఉంచుకోకూడదు."

అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన శ్రీసత్య బ్యాగు దింపుతోంది. పట్టీ ఒత్తుకున్న చోట భుజం నల్లగా కమిలి ఉంది. ఆ రంగు నాకు తెలుసు. ముందు భయం వేసింది, వెంటనే ఒళ్ళు మండింది.

"మొక్కు నీది. పసుపు నీ కొడుకు రాస్తాడు."

"మగోడు రాయడమేటే?"

"పెళ్ళాం బతికినందుకే కదా మొక్కు."

కుర్చీలో ఉన్న మా ఆయన పేపరు దించాడు. శనివారం డ్యూటీ ఉందన్నాడు. సెలవు పెట్టమన్నాను. మరి నువ్వెక్కడికని అడిగాడు. ఆ రోజే సీతమ్మధారలో స్కానింగ్‌కి శ్రీసత్య పేరు రాయించానని చెప్పాను. వద్దని చెప్పాను కదా అన్నాడు.

పసుపు గిన్నె తీసి ఆయన చేతిలో పెట్టాను.

"నా జబ్బుకి పేరెట్టేసరికి నా గుండె కొయ్యాల్సొచ్చింది. దాని జబ్బుకి నాను ముందే పేరెడతాను."