నత్త జిగురు

వానాకాలంలో ఆ ఇంట్లో టీ ఎప్పుడూ ఆలస్యమే. తెల్లారగానే డ్రైవరు గారి భార్య పొయ్యి దగ్గరికి కాకుండా పెరట్లోకి వెళ్ళేది. ముందురోజు సాయంత్రం క్యాబేజీ మడి పక్కన పరిచి పెట్టిన తడి గోనెసంచిని రెండు వేళ్ళతో అంచు పట్టుకుని ఎత్తేది. దాని కింద అవి ఉండేవి. యాభై, అరవై. ఒక్కోరోజు లెక్కపెట్టే ఓపిక కూడా ఉండేది కాదు.

గుల్ల లేని నత్తలు. గుల్ల ఉన్న నత్తని చూస్తే, పాపం దాని ఇల్లు అదే మోసుకుంటోంది కదా అని కాస్త జాలైనా వేస్తుంది. వీటికి ఆ మర్యాద కూడా లేదు. వేలెడంత పొడుగు, బూడిద రంగు, ముక్కు చీది పారేసినదానికి ప్రాణం వస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాయి. మీరు ఏదైనా తింటూ చదువుతుంటే ముందు ఆ పళ్ళెం పక్కన పెట్టండి.

ఆవిడ చేయని ప్రయత్నం లేదు. మడి చుట్టూ బూడిద చల్లింది, ఒక్క వానకే కొట్టుకుపోయింది. గుడ్డుపెంకులు దంచి గట్టులా పోసింది, అవి ఆ పెంకుల మీద నుంచే నిమ్మకు నీరెత్తినట్టు పాక్కుంటూ వచ్చాయి. మన్ను తవ్వితే గాజుపూసల్లాంటి గుడ్లు గుత్తులు గుత్తులుగా బయటపడేవి. నాటిన ముల్లంగి మొలకలు రాత్రికి రాత్రి మాయం, క్యాబేజీ విప్పితే లోపలి పొరల్లో కూడా తళతళలాడే చారలు. ఇక మిగిలింది ఏరి ఉప్పునీళ్ళ బకెట్లో వేయడమే. వేస్తే నురగ కక్కుతూ చస్తాయి. ఆ బకెట్ పారబోయడం లోకంలో అన్నిటికంటే రోత పని.

ఏరడం కూడా అంత సులువు కాదు. ఆ వీధిలో నత్తని ఉత్తచేత్తో పట్టుకుంటే దాని జిగురు సబ్బుకి పోదు, ఇసుకకి పోదు, వేడినీళ్ళకి అసలే పోదు. ఎండదు కూడా. కడుపులో దాచుకున్న మాట బయటికి చెప్తేనే పోతుంది. చిన్నాచితకా మాట చెప్తే చాలదు. ఆ రోజుకి ఏది అన్నిటికంటే బరువుగా ఉందో అది, ఎవరి దగ్గర దాచామో వాళ్ళకే చెప్పాలి. ఈ సంగతి ఆ వీధిలో అందరికీ తెలుసు. దుకాణంలో నత్తమందు అడిగితే దుకాణదారు దాంతోపాటు ఒక జత చేతితొడుగులు ఇచ్చేవాడు, ఇంకేమీ అడిగేవాడు కాదు.

డ్రైవరు గారి భార్య మాత్రం ఏళ్ళ తరబడి ఉత్తచేత్తోనే ఏరింది. తొడుగులు వేసుకుంటే జారిపోతాయట. దాంతో ఆవిడ కడుపులో ఏ మాటా నిలిచేది కాదు. ప్రతి ఉదయం గోడ దగ్గర నిలబడి పక్కింటావిడని పిలిచేది.

"వదినా, మీ కోడి మొన్న మా మడిలోకి వస్తే రాయి విసిరాను. కుంటుతోందని మీరు బాధపడుతుంటే విని ఊరుకున్నాను."

"ఆ కొత్త తెరలు బాగున్నాయన్నాను కదా వదినా, బాలేవు."

చెప్పేసి చేతులు దులుపుకుంటే జిగురు ఎండిన బంకలా రాలిపోయేది. పక్కింటావిడ రెండ్రోజులు మొహం మాడ్చుకునేది, మూడోరోజు మళ్ళీ గోడ దగ్గరికి వచ్చేది. అలాంటి మనిషి ఈ ఏడు వానలు మొదలైన నెలకి తొడుగులు కొనుక్కుంది. ఎందుకమ్మా అంటే, వయసు మీద పడుతోంది, అసహ్యం ఎక్కువైంది అంది. అంతకంటే ఎవరూ గుచ్చి అడగలేదు.

ఆవిడ భర్త, అంటే మన డ్రైవరు, నత్తల జోలికే పోడు. ఆయన ఇరవై ఆరేళ్ళుగా బడి బస్సు నడుపుతున్నాడు. ఇంకో పద్నాలుగు నెలలు నడిపితే ఇంట్లో కూర్చోవచ్చు. ఆ పద్నాలుగు నెలల కోసమే ఆయన ఒక మాట మింగి కూర్చున్నాడు. ఎడమ కన్ను పోయింది. రెండేళ్ళ కిందటే పోయింది. కుడిది కూడా మబ్బుపట్టిన రోజున మసకమసకగానే కనిపిస్తోంది. ఏటా జరిగే కంటి పరీక్షలో గట్టెక్కుతున్నాడంటే, గోడ మీది అక్షరాల పట్టిక ఎన్నేళ్ళైనా మార్చకపోవడం వల్ల. పైనుంచి కిందికి ఆయనకది నోటికొచ్చు. ఆ బస్సులో రోజూ నలభై ఒక్కమంది పిల్లలు ఎక్కుతారు.

ఇలాంటి మనిషి నత్తని ముట్టుకుంటాడా? పెరట్లో నడిచినా చేతులు వెనక్కి కట్టుకుని నడిచేవాడు.

ఆ రోజు బాగా ముసురు పట్టింది. భార్య సంచి ఎత్తి పట్టకారుతో ఒక్కొక్కదాన్నీ బకెట్లో వేస్తోంది. చేతులు ఖాళీ లేక, "ఏమండీ, ఆ బీన్స్ కాస్త కోయండి, టిఫిన్ డబ్బాలో పెడతాను" అంది. ఈసారి ఆవిడ వేసింది ఊదారంగు బీన్స్. తడిసిన తీగ మీద వంకర తిరిగి వేలాడుతుంటే ఏది కాయో ఏది కాదో మంచి కళ్ళున్నవాళ్ళు కూడా ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. డ్రైవరు నాలుగు కాయలు కోశాడు. ఐదోది మెత్తగా తగిలింది. చల్లగా ఉంది. వేళ్ళ మధ్య ఒళ్ళు కూడదీసుకుని ముడుచుకుంది.

ఆయన అరవలేదు. విదిలించాడు, అది పడలేదు. రెండో చేత్తో పీకాడు, అప్పుడు పడింది. కానీ అప్పటికే రెండు చేతులూ మణికట్టు దాకా జిగురు. వేళ్ళు విడదీస్తే మధ్యలో దారాలు దారాలుగా సాగింది.

"ఛీ" అన్నాడు. కుళాయి దగ్గరికి పరుగెత్తాడు.

భార్య వచ్చి పక్కన నిలబడింది. ఆయన సబ్బు రుద్దుతున్నాడు. సబ్బు చేతిలోంచి జారి కాలవలో పడింది.

"దాంతో పోదు కదండీ" అంది ఆవిడ మెల్లగా.

"తెలుసు."

"మరి చెప్పండి. బస్సు టైమవుతోంది."

పెద్దది ఉండగా చిన్నవి పనికిరావని ఆయనకి తెలుసు. అయినా మనిషి కదా, డ్రైవరు బేరం పెట్టి చూశాడు.

"మీ అన్నయ్య నిచ్చెన విరగ్గొట్టింది నేనే."

"తెలుసు. తర్వాత?"

"మొన్న చలికాలం మీటింగని చెప్పి నాలుగు రోజులు బస్సులో పడుకుని నిద్రపోయాను."

"చెంప మీద సీటు గీతలు పడి వచ్చేవారు. అదీ తెలుసు. తర్వాత?"

"నువ్వు కుట్టిన చొక్కా ఒక్కసారీ వేసుకోకుండా షెడ్డు వాచ్‌మన్‌కి ఇచ్చేశాను."

"అతను వేసుకుని మనింటికే వచ్చాడు కదండీ."

జిగురు ఇసుమంత కూడా కదల్లేదు. ఆయన తడిచేతులు గాల్లో పెట్టుకుని కుళాయి గట్టు మీద కూలబడ్డాడు. తల దించుకున్నాడు. ఇక లాభం లేదని చెప్పేశాడు. ఎడమ కన్ను పోయిందన్నాడు. రెండేళ్ళయిందన్నాడు. కుడి కన్ను కూడా రోజురోజుకీ చెడుతోందన్నాడు. చెప్పడం అయ్యాక చేతులు చూసుకున్నాడు.

జిగురు అలాగే ఉంది.

కొంచెంసేపు ఆయనకి అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. తల తిప్పి, పనిచేసే కన్నుతో భార్యని చూశాడు. ఆవిడ పట్టకారు వైపు చూస్తోంది.

"నీకు తెలుసా?"

ఆవిడ కాలవలో పడ్డ సబ్బు తీసి గట్టు మీద పెట్టింది.

"తెలిసీ ఊరుకున్నావా?"

"టైమైంది, వెళ్ళండి" అంది ఆవిడ. ఆ మాట అన్న తీరుకి ఆయనకి తన చేతులంటే ఎంత అసహ్యం వేసిందో ఆవిడంటే అంత వేసింది. టిఫిన్ డబ్బా కూడా తీసుకోకుండా బయల్దేరాడు.

చేతులకి తువ్వాలు చుట్టుకుని బడి షెడ్డు దాకా నడిచాడు. దారంతా ఒక్కటే ఆలోచన. ఇంకెవరి దగ్గర దాచానో వాళ్ళకి చెప్తేనే ఇది పోతుంది. వాళ్ళకి చెప్తే ఉద్యోగం పోతుంది. పోనీ ఈ ఒక్కరోజుకి తువ్వాలుతో నెట్టుకొద్దాం, రేపటికి ఏదో ఒకటి ఆలోచిద్దాం అనుకున్నాడు. రెండేళ్ళుగా రోజూ అనుకుంటున్నదే.

ఆయన పని ఏమిటంటే, ముందు షెడ్డులోంచి బస్సు తీసి బడి గేటు ముందు ఆపాలి. తెల్లారే పనులకి పోయే తల్లిదండ్రులు ముందుగానే వదిలిపెట్టిన పిల్లలు పదిమంది అక్కడ ఉంటారు. తర్వాత ఊరంతా తిరిగి మిగతావాళ్ళని తీసుకురావాలి. పిల్లల్ని ఎక్కించి దించడానికి బస్సులో ఒక ఆయా ఉంటుంది, ఆమె గేటు దగ్గరే ఎక్కుతుంది. పెద్ద టీచరమ్మ రోజూ గేటు దగ్గర గొడుగేసుకుని నిలబడుతుంది.

బస్సు ఎక్కి కూర్చున్నాడు. తువ్వాలు అప్పటికే నానిపోయింది. తాళం తిప్పేసరికి దానికి జిగురు అంటింది, గేరు కర్రకి అంటింది. షెడ్డు దాటి గేటు వైపు తిప్పబోతే స్టీరింగు చేతుల్లో చేపలా జారింది. తువ్వాలు ఊడి ఒళ్ళో పడింది. బస్సు నెమ్మదిగానే పోతోంది కానీ తిరగాల్సిన చోట తిరగకుండా ఎడమవైపుకి ఒరిగింది. ఖాళీ స్థలమే కదా అనుకున్నాడు. ఆయనకి అక్కడ ఏమీ కనిపించలేదు.

అప్పుడు ఆయా అరిచిన అరుపు వినిపించింది. కాలు బ్రేకు మీద పడింది.

ఇంజను ఆపి దిగి ముందు నుంచి చుట్టి వచ్చాడు. బస్సు ఎడమవైపు, బంపరుకి జానెడు దూరంలో, వాన తగలకుండా గోడకి ఆనుకుని వరుసగా పదిమంది పిల్లలు నిలబడి ఉన్నారు. గోడకీ బస్సుకీ మధ్య ఉన్నారు. రంగురంగుల వానకోట్లు వేసుకుని ఉన్నారు. స్టీరింగు ముందు కూర్చున్నప్పుడు వాళ్ళలో ఒక్కరు కూడా ఆయనకి కనిపించలేదు. చివర నిలబడ్డ చిన్నపాప ఆయన చేతులవంక చూసి, "మామయ్య చేతులకి చీమిడి" అంది.

ఎవరూ నవ్వలేదు. ఆయా ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి ఇవతలికి లాగుతోంది.

డ్రైవరు పెద్ద టీచరమ్మ దగ్గరికి వెళ్ళాడు. కడుపులోంచి ఏదో పైకి తన్నుకొస్తే వాంతి అనుకున్నాడు. మాట వచ్చింది.

"అమ్మా, నాకు ఎడమ కన్ను లేదు. రెండేళ్ళయింది. పరీక్షలో అక్షరాలు బట్టీపట్టి చెప్తున్నాను. మీకు చెప్పకుండా రోజూ పిల్లల్ని ఎక్కించుకున్నాను."

పెద్ద టీచరమ్మ గొడుగు కిందికి దించింది. వాన ఆమె తల మీద పడుతోంది.

"నా మనవరాలు మూడో సీట్లో కూర్చుంటుంది" అంది.

"తెలుసమ్మా."

ఆయన చేతుల మీద జిగురు తెల్లబడి, పగిలి, పొట్టులా నేలరాలింది. చేతులు కడిగిన పలకల్లా ఉన్నాయి. ఆ చేతుల్తోనే తాళం ఆమెకిచ్చాడు. ఆయా అటు తిరిగి నిలబడింది, ఎంతసేపటికీ ఇటు తిరగలేదు.

పొద్దున తొమ్మిదింటికి ఇంటికి రావడం ఇరవై ఆరేళ్ళలో అదే మొదటిసారి. భార్య ఇంకా పెరట్లోనే ఉంది. మడి మధ్యలో, బురదలో, చతికిలబడి కూర్చుంది. ఆయన చేతులు చూసి విషయం గ్రహించింది. ఏమైందని అడగలేదు. ఆయనే చెప్పాడు, గోడ గురించి, వానకోట్ల గురించి, జానెడు దూరం గురించి. ఆవిడ వింటూ వింటూ తొడుగులు రెండూ లాగి పారేసింది. క్యాబేజీ ఆకు తిప్పి, దాని కిందున్న వాటిలోకెల్లా పెద్దదాన్ని, బొటనవేలంత లావుదాన్ని, ఉత్తచేత్తో తీసి అరచేతిలో పెట్టుకుని పిడికిలి బిగించింది. వేళ్ళ సందుల్లోంచి జిగురు కారింది. చూడలేక ఆయన మొహం తిప్పుకున్నాడు.

"ఇటు చూడండి. మీకు తెలియనిది ఒకటుంది" అంది.

"చెప్పు."

"వానలు మొదలైన నెలకి ఆయా మనింటికొచ్చింది. వంతెన మలుపులో మీ బస్సు సైకిలు మీద పోతున్న ముసలాయన్ని రాసుకుంటూ పోయిందట. కాలవలో పడ్డాడట. మీరు ఆపలేదట."

ఆయనకి ఆ మలుపు గుర్తుంది. గుంతలో పడి కుదుపు వచ్చిందనుకున్నాడు.

"చచ్చిపోయాడా?"

"లేదు. తుంటి విరిగింది. ఇప్పటికీ మంచం మీదే ఉన్నాడు. మీ చూపు సంగతి నాకు అప్పుడే అర్థమైంది. పెద్ద టీచరమ్మకి చెప్పేస్తానంది ఆయా. నేనే కాళ్ళు పట్టుకున్నాను. ఇంకొన్ని నెలలే కదమ్మా, నేను ఆయనకి చెప్పి జాగ్రత్తగా నడిపిస్తానన్నాను. మీకు చెప్పలేదు. చెప్తే మానేస్తారని చెప్పలేదు. రోజూ మీరు బయల్దేరాక ఇక్కడ కూర్చుని నత్తలు ఏరుతూ, ఇవాళ్టికి ఏమీ కాకుండా ఉంటే చాలు అనుకునేదాన్ని. ఇవాళ పొద్దున మీరు చెప్పాక కూడా, టైమైంది వెళ్ళండి అన్నాను."

చెప్పడం అయిపోయింది. పిడికిలి విప్పింది. నత్త నలిగిపోయి ఉంది. దాన్ని బకెట్లోకి విదిల్చింది. అరచేతిలో జిగురు ఎండి, పొట్టు లేచి, వానకి కొట్టుకుపోయింది.

ఆవిడ లేవబోయింది. బురదలో కాళ్ళు జారి లేవలేకపోయింది. ఆసరా కోసం చెయ్యి చాపింది.

ఆయన ఆ చేతిని చూశాడు. శుభ్రంగా ఉంది. తనదీ శుభ్రంగానే ఉంది. ఇద్దరి చేతులూ అంత శుభ్రంగా ఎన్నడూ లేవు. అయినా ఆ చెయ్యి ముట్టుకోవాలంటే ఆయనకి వెన్నులోంచి జలదరింపు వచ్చింది, ఆవిడకీ వచ్చింది, అది ఇద్దరి మొహాల్లోనూ కనిపించింది. వాన పడుతూనే ఉంది. ఆఖరికి ఆయనే ఆవిడ చెయ్యి అందుకుని పైకి లాగాడు.

"ఆ ముసలాయన ఇల్లు ఎక్కడ?" అన్నాడు.

"వంతెన అవతల. చెప్పులు వేసుకోండి, నేనూ వస్తాను" అంది.