గేదెల మందు

హనుమాయమ్మ హస్తవాసి మంచిదని ఊళ్ళో పేరు. దూడకి పొట్ట ఉబ్బినా, పసిబిడ్డకి దిష్టి తగిలినా ముందు ఆమె గడపే తొక్కుతారు. ఆ పేరు ఆమెకి కాస్త తలకెక్కిందనే చెప్పాలి. లేకపోతే చిట్టి విషయంలో అంత తొందరపడేది కాదు.

చిట్టి ఆమె పెంచుకున్న పిల్లి. పగలంతా ఇంట్లో పోసిన పత్తి కుప్ప మీద నిద్ర, ఆమె కంచం ముందు కూర్చోగానే ఒళ్ళోకి ఎక్కడం. కట్టుకున్న మొగుడి కంటే దానితోనే ఆమెకి ఎక్కువ మాటలు. ఈమధ్య దాని వీపు మీద చర్మం ఉండుండి అదిరేది. అప్పుడది ఉలిక్కిపడి, తన తోకనే కొరుక్కుంటూ ఇల్లంతా పరిగెత్తేది.

"గోమార్లు పట్టుంటాయిలే," అన్నాడు భర్త యలమందయ్య, మిరప తోటకి పోతూ.

ఒంటికి పట్టి రక్తం తాగే గోమార్లకి మందు ఇంట్లోనే ఉంది, గేదెలకి రాసేది. చిన్న ప్రాణం కదా అని నీళ్ళు ఎక్కువే కలిపి, గుడ్డ ముంచి మెడ నుంచి తోక దాకా తుడిచింది. చిట్టి కదలకుండా నిలబడి తుడిపించుకుంది. మధ్యాహ్నానికి దాని కాళ్ళు నిలవలేదు. నోట్లోంచి చొంగ, ఒళ్ళంతా వణుకు.

బుట్టలో పెట్టుకుని, ఆటో ఎక్కి చిలకలూరిపేట పశువుల ఆసుపత్రికి పరిగెత్తింది. డాక్టరు భవ్య సంగతంతా విని, గబగబా సబ్బునీళ్ళతో పిల్లిని కడిగించి సూది వేసింది.

"గేదెకి పడే మందు పిల్లికి పడదమ్మా. దీనికది విషం."

"మరి గోమార్లు పోవాలి కదమ్మా?"

"దువ్వెన పెట్టి చూశాను. ఒక్కటి కూడా లేదు. కొన్ని పిల్లులకి చర్మం అట్లా అదురుతుంది, అది నరాల జబ్బు. ముందే తీసుకొస్తే మాత్రలతో సర్దుకునేది."

హనుమాయమ్మకి అర్థమైంది. లేని పురుగుల కోసం తన చేత్తో తనే విషం పూసింది.

"బతుకుద్దా?"

"రేపటి దాకా చెప్పలేను. ఇక్కడ ఉంచుకునే వీల్లేదు. చీకటి గదిలో, సద్దు లేకుండా పడుకోబెట్టండి. నిమరొద్దు. చెయ్యి తగిలితే వణుకు ఎక్కువవుద్ది."

ఇంటికొచ్చి వెనక గదిలో గోనెపట్టా పరిచి పడుకోబెట్టింది. తను గోడకి ఆనుకుని కూర్చుంది. ఎవరికి ఏ నలత వచ్చినా నిమిరి ధైర్యం చెప్పడమే తెలిసిన మనిషి, ఇప్పుడేం చెయ్యాలో తోచక చూస్తూ ఉండిపోయింది.

కాసేపటికి చిట్టి కళ్ళు తెరిచింది. ఈడ్చుకుంటూ, తూలుకుంటూ ఆమె దగ్గరికే వచ్చింది. తనకి ఈ గతి పట్టించింది ఎవరో దానికేం తెలుసు. ఒళ్ళోకి ఎక్కబోయి, పట్టు చిక్కక జారిపోతోంది. హనుమాయమ్మ రెండు చేతులూ తొడల కింద పెట్టి అదుముకుంది.

పొలం నుంచి వచ్చిన యలమందయ్య గుమ్మంలో ఆగాడు.

"పట్టుకోవేందే? పడిపోతా ఉంటే."

"నేను ముట్టుకోకూడదంట," అంది హనుమాయమ్మ.