దుప్పటి వద్దన్న కుర్చీలక్క

ఎడమచేతి బొటనవేలితో కుర్చీ చట్రానికున్న చిల్లులు తడుముతూ, కుడిచేత్తో పేము బద్దను లాగి బిగించింది కుర్చీలక్క. ఏడో ఏట జ్వరంతో చూపు పోయింది. అమ్మా నాన్నా పోయాక వదిన అన్నం పెట్టినప్పుడల్లా "తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు" అని దెప్పేది. ఆ మాట పడలేకే ఈ అల్లిక నేర్చుకుంది. ఇప్పుడు, అరవై దాటాక, రైల్వే స్టేషను వెనక రేకుల షెడ్డులో ఆమెతో పాటు మరో నలుగురు ఆడవాళ్లు అల్లుతున్నారు. వాళ్లలో కాలు లేని కొత్తమ్మాయి నిరుటిదాకా ఆ స్టేషను మెట్ల మీదే చేయి చాపేది.

పొద్దున్నే సంక్షేమ శాఖ అధికారి దుప్పట్ల కట్టతో, ఫొటోగ్రాఫరుతో వచ్చాడు.

"అమ్మా, ఇటు తిరిగి చేతులు చాపండి. ఫొటో తీస్తారు."

"చేతులు ఖాళీ లేవు బాబూ," అంది కుర్చీలక్క, బద్ద వదలకుండా. "మీ ఆఫీసులో కుర్చీలెలా ఉన్నాయి?"

"సగం చిరిగిపోయాయమ్మా."

"అయితే పాపం, చలి వాటికే ఎక్కువ. ఆ దుప్పట్లు వాటికి కప్పి ఇక్కడికి పంపండి."

షెడ్డంతా ఘొల్లుమంది. అధికారి ముఖం ఎర్రబడింది. అల్లిక పూర్తయిన కుర్చీలో మెల్లగా కూర్చుని, వెనక్కి వాలి చూశాడు.

"ఎన్ని అల్లగలరు?"

"ఎన్ని చిరిగితే అన్ని."

ఆఫీసు కుర్చీల పని వీళ్లకే ఇస్తున్నట్టు అక్కడే కాగితం రాసి సంతకం చేశాడు. దుప్పట్లు వచ్చిన దారినే వెళ్లాయి.

"ఒక్కటైనా ఉంచుకోవాల్సిందక్కా," అంది కొత్తమ్మాయి, వాటి వంకే చూస్తూ. "రాత్రిళ్లు నా పిల్ల వణికిపోతోంది."

కుర్చీలక్క చేతులు ఒక్క క్షణం ఆగాయి. భుజం మీది శాలువా తీసి ఆమె ఒళ్లో పెట్టింది. "ఈ నెలకి ఇది కప్పు. వచ్చే నెల కొనుక్కుందువుగాని. నీకు నచ్చిన రంగు."

మధ్యాహ్నం వ్యానులో కుర్చీలు దిగాయి. ఒక్కొక్కదాన్నీ నిమిరి చూసి, మర్నాటిదాకా ఆగకుండా ఇప్పుడే మొదలుపెడదామని, గుప్పెడు పేము బద్దలు తొట్టిలో నానేసింది.

"కాస్త నడుం వాలుస్తాను. ఇవి నానగానే లేపు."

గంట తరువాత కొత్తమ్మాయి పిలిచింది. పలకలేదు. చేయి పట్టుకుంటే చల్లగా వాలిపోయింది. ఎవరికీ అంత తేలిగ్గా లొంగని చేయి అది.

ఏడుపు విని వాకిట్లో జనం మూగారు. లోపల, ఆమె నానేసిన బద్దలు తొట్టిలో మెత్తబడి, అల్లికకు సిద్ధంగా ఉన్నాయి.