నిప్పు తగలని పాలు

నాకు నోరెక్కువ. నర్సు అన్నాక ఓర్పు ఉండాలంటారు గానీ, ఆరు మంచాల కాన్పుల ఇంట్లో పగలంతా ఒక్కత్తినే తిరిగే మనిషికి ఓర్పు ఎక్కడ్నించి వస్తుంది? కసిరితేనే పని జరుగుతుందని నమ్మేదాన్ని. కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజుల్లో, ఒక ఎండాకాలం, ఆ నమ్మకం నన్ను వదిలిపోయింది.

జమ్మలమడుగులో డాక్టరమ్మ ఒకావిడ సొంతంగా నడిపిన ఇల్లు అది. ఆ ఏడు రుక్మిణి అనే పిల్లను ముద్దనూరు నుంచి బస్సులో తీసుకొచ్చారు. భర్త సీతాపతి అక్కడ బడిలో అయ్యవారు. తోడుగా పులివెందుల నుంచి రుక్మిణి తల్లి నాగరత్నమ్మ వచ్చింది. ఎనిమిదో నెలలోనే నొప్పులు మొదలయ్యాయి. మగపిల్లవాడు పుట్టాడు. తూకం మూడున్నర పౌన్లు.

వాడికి చీకే శక్తి లేదు. రొమ్ము దగ్గర పెడితే రెండుసార్లు పెదవులు కదిపి, అలిసిపోయి నిద్రపోయేవాడు. డాక్టరమ్మ తల్లినీ అమ్మమ్మనూ ఎదురుగా కూర్చోబెట్టుకుని దాపరికం లేకుండా చెప్పింది. తల్లిపాలు పిండి, రెండు గంటలకొకసారి ఫిల్లర్‌తో చుక్కలు చుక్కలుగా నోట్లో వెయ్యాలి. ఆవుపాలకు ఈ కడుపు తట్టుకోదు. తల్లిపాలు అందితే బతుకుతాడు, అందకపోతే లేదు.

పాలు పిండడానికి మా దగ్గర ఒక గాజు బుడ్డి ఉండేది. ఒక పక్క రొమ్ముకు ఆనించే గిన్నె, కింద పాలు దిగే ఉబ్బు, చివర ఎర్ర రబ్బరు తిత్తి. తిత్తిని నొక్కి వదిలితే పాలను లాగుతుంది. డాక్టరమ్మ మద్రాసు నుంచి తెప్పించింది.

మొదటిసారి రుక్మిణి నాకోసం ఆగకుండా తనే పెట్టుకుంది. నేను వెళ్ళేసరికి పళ్ళు బిగబట్టి తిత్తిని పిసుకుతోంది. కళ్ళ నిండా నీళ్ళు. గాజులో నాలుగు చుక్కలున్నాయి, అందులో ఒకటి ఎర్రగా ఉంది.

"ఏంది తల్లీ ఇది? బావిలో నీళ్ళు తోడుతాండావా?" అన్నాను.

"గట్టిగా నొక్కితే కదా అక్కా వచ్చేది?"

"నొక్కితే నెత్తురొస్తాది. తీసెయ్ దాన్ని."

కసిరాను గానీ, ఆ పని మాత్రం దగ్గరుండి నేర్పాను. వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ రెండు రొమ్ముల మీదా కాసేపు వేశాను. వీపు వెనక దిండు పెట్టి, భుజాలు దించి కూర్చోమన్నాను. చంకల దగ్గర్నుంచి ముందుకు, వేళ్ళతో మెల్లగా నిమరడం చూపించాను. గిన్నె సరిగ్గా నడిమికి ఆనాలి, ఏ పక్కా ఒరుసుకోకూడదు. తిత్తిని సగమే నొక్కాలి, ఆ తర్వాత తొందరపడకుండా వదలాలి. నొప్పి పుడితే ఆపాలి. ఒక పక్క ధార సన్నబడగానే రెండో పక్కకు మారాలి. అన్నిటికంటే ముఖ్యం, బిడ్డ తొట్టి కంటికెదురుగా ఉండాలి. తొట్టిని ఆమె మోకాళ్ళకు తగిలేంత దగ్గరకు జరిపాను.

పిల్లవాడు పిల్లికూనలాగా ఒక్క మూలుగు మూలిగాడు. రుక్మిణి అటు చూసింది. అంతే, గాజులో సన్నటి ధార పడింది. అప్పటిదాకా ఏడ్చిన పిల్ల ఆ ధారను చూసి నవ్వింది.

తర్వాత రుక్మిణి తల్లిని పిలిచాను. "అమ్మా, పిండిన ప్రతిసారీ దీన్ని కడిగి, మరిగే నీళ్ళలో పది నిమిషాలు ఉంచాల. ఇట్లా తెండి, వార్డు గిన్నెలో వేసి చూపిస్తా."

నాగరత్నమ్మ బుడ్డిని గుండెకు ఆనించుకుని వెనక్కి జరిగింది. "ఆ గిన్నెలో వద్దులేమ్మా. నా కుంపటి కాడ నేనే చేసుకుంటా."

నాకు ఒళ్ళు మండింది. మా తాత కాలంలోనే మావాళ్ళు యేసయ్యను నమ్ముకున్నారు. నేనిచ్చిన మందు మింగుతారు, నేను కోసిన బొడ్డుతాడుకు దండం పెడతారు, నా గిన్నె మాత్రం పనికిరాదు. ఇలాంటివి ఎన్ని చూసినా నాకు అలవాటు కాలేదు.

"సరే, మీ మడి మీరే ఉంచుకోండి. మరగబెట్టకుంటే మాత్రం బిడ్డకు చేటు. మళ్ళీ నన్ను అడగొద్దు," అన్నాను.

ఆమె ఏదో చెప్పబోయింది. నేను ఆగలేదు.

ఆమె కుంపటి వంటల పాక వెనక, గోడవార ఉండేది. నేను అటు తొంగి చూడలేదు. చూడకూడదని పంతం. రోజూ దారిలో ఎదురైనప్పుడు "మరగబెట్టినారా?" అనేదాన్ని. "ఆఁ, అయింది" అనేది నేల చూపులు చూస్తూ. బుడ్డి ఎప్పుడూ తళతళలాడుతూనే ఉండేది. అంతకంటే నాకేం కావాలి?

పది రోజులు అంతా బాగా జరిగింది. మొదట్లో చెంచాడు వచ్చిన పాలు, వారం తిరిగేసరికి రెండు పక్కలా కలిపి రెండు ఔన్సులకు వచ్చాయి. రుక్మిణి చెయ్యి తిరిగింది. తొట్టి వంక చూస్తూ, కూనిరాగం తీస్తూ, అలుపు లేకుండా పిండేది. పిల్లవాడు మొదట కొంచెం తగ్గి, మళ్ళీ పుంజుకుని, పదోరోజుకు పుట్టినప్పటికంటే రెండు ఔన్సులు పెరిగాడు. ఆ రోజు సీతాపతి ముద్దనూరు నుంచి వచ్చి, తూకం కాగితాన్ని నాలుగుసార్లు చదువుకున్నాడు. బతికి బట్టకడితే గండి ఆంజనేయస్వామి దగ్గర తలవెంట్రుకలు తీయిస్తానని నాగరత్నమ్మ మొక్కుకుంది. నాకూ సంతోషంగానే ఉంది. పైకి మాత్రం, "పిల్లోడికి గాలి ఆడనీండి, అందరూ మీద పడకండి" అని కసిరాను.

పదకొండోరోజు పొద్దున బుడ్డి చేతికి తీసుకుంటే రబ్బరు తిత్తి దగ్గర పులిసిన వాసన తగిలింది. ఎండలకు రబ్బరు అంతేలే అనుకున్నాను. అవతల మంచం మీద ఇంకొకామె నొప్పులు పడుతోంది. బుడ్డిని అక్కడే పెట్టి వెళ్ళిపోయాను.

పన్నెండోరోజు పిల్లవాడికి విరేచనాలు పట్టుకున్నాయి. పచ్చగా, నీళ్ళలాగా. సాయంత్రానికి కళ్ళు గుంటలు పడ్డాయి. డాక్టరమ్మ తొడలో సూదిపెట్టి ఉప్పునీళ్ళు ఎక్కించింది. రుక్మిణి వేళ తప్పకుండా పాలు పిండుతూనే ఉంది. పిండినవి తాగించడానికి వాడు నోరు తెరవడం లేదని చెప్పినా వినలేదు. పద్నాలుగోరోజు పొద్దున, ఆమె గుడ్డ వేడిచేసుకుని కూర్చుంటుండగానే, వాడి ఊపిరి ఆగిపోయింది.

సీతాపతి తన పంచె చించి, అందులో బిడ్డను చుట్టుకుని పెన్న ఒడ్డుకు తీసుకుపోయాడు. డాక్టరమ్మ నన్ను పిలిచి, బుడ్డి మరగబెడుతున్నారా అని అడిగింది. మరగబెడుతున్నారనే చెప్పాను. అబద్ధం చెప్పానని అప్పటికి నాకు తెలియదు.

బిడ్డ పోయినా పాలు ఆగవు. మరునాటికి రుక్మిణి రొమ్ములు రాయిలాగా గట్టిపడ్డాయి, జ్వరం వచ్చింది, రవిక ఆనినా ఓర్చుకోలేకపోయింది. బరువు తీరడానికి కొంచెమే పిండి, పాలు ఎండడానికి మల్లెపూలు కట్టాలి. పెరట్లో మల్లెలు కోసుకొచ్చాను. నేనే గిన్నె ఆనించి, తిత్తిని సగం సగం నొక్కి, నొప్పి తగ్గేంత వరకే తీశాను. ఆమె ఖాళీ తొట్టి వంక చూడకుండా తొట్టిని బయట పెట్టించాను. అయినా ఆమె చూపు ఆ చోటికే పోయింది, ధార ఇంకా జోరైంది. నాకు ఏడుపు ఆగలేదు.

నాగరత్నమ్మ వచ్చి నా చేతిలోంచి బుడ్డి తీసుకుని వెళ్ళింది. మల్లెలు కట్టి, బుడ్డి తెచ్చుకుందామని నేనూ వెనకే పాక దగ్గరకు వెళ్ళాను. ఆమె కుంపటి ముందు కూర్చుని ఉంది. నిప్పులు ఎర్రగా ఉన్నాయి. చూస్తుండగానే పాలన్నీ నిప్పుల మీద ఒంపింది. చుయ్యిమని, పాలు మాడిన వాసన లేచింది.

"ఏం చేస్తాండారమ్మా?" అన్నాను.

"ఇంక పాలు ఎండిపోవాల గదమ్మా. నిప్పు తగిలితే ఎండిపోతాయి." వెనక్కి తిరగకుండానే చెప్పింది. "నా మొదటి కాన్పులో పిండిన పాలు పొరపాటున పొయ్యిలో చిందినాయి. మూడోనాటికి చుక్క లే. ఆ బిడ్డ నాకు దక్కలే. అందుకే ఈ బుడ్డిని ఇన్నిరోజులూ నిప్పు మీద పెట్టనిస్తినా? పాలు అంటుకున్న గాజు, మరిగిస్తే తల్లికి ఎండిపోవా? బాయి నీళ్ళతో, కుంకుడు రసంతో తోమి తోమి పెట్టినా. నా కూతురికి ఒక్క పూట కూడా పాలు తగ్గనీలే."

గోడ పట్టుకుని నిలబడ్డాను.

ఆ భయం నేను ఎరగనిది కాదు. మా అవ్వ మా అమ్మ చేత పిండిన పాలను కాలు పడని చోట, చెట్టు మొదట్లోనే పోయించేది. పొయ్యి ఛాయలకు రానిచ్చేది కాదు. దేవుణ్ణి మార్చుకున్నాం గానీ ఆ భయాన్ని మార్చుకోలేదు. అంతా తెలిసి, ఆ పొద్దు ఆమె వెనక్కి జరిగితే నా కులం చూసి జరిగిందనుకున్నాను. ఎందుకని ఒక్క మాట అడగలేదు.

నేనట్లా నిలబడి ఉంటే ఆమె తిరిగి చూసింది. "ఏమ్మా, తప్పు చేస్తినా?"

"లేదమ్మా," అన్నాను.

మూడోరోజుకు పాలు తగ్గిపోయాయి. మల్లెలకు తగ్గాయో, కాలానికి తగ్గాయో. నాగరత్నమ్మ మాత్రం "చూస్తివా, నిప్పు తగిలితే నిలవవు" అంది. నేను తల ఊపాను.

కూతుర్ని పులివెందులకు తీసుకుపోతానని ఆ రోజే బయలుదేరారు. బస్సు దాకా నేను మూట పట్టుకుని వెళ్ళాను. రుక్మిణి ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. ఎవరితోనూ మాట్లాడడం మానేసింది. నాగరత్నమ్మ నా దగ్గర మూట తీసుకుంటూ, "మళ్ళీ కడుపు పండితే నీ కాడికే వస్తాంలేమ్మా. ఆ గాజుబుడ్డి పగలగొట్టుకోవద్దు, భద్రంగా పెట్టు," అంది.

ఆ మాటతో నాకు దారి లేకుండా పోయింది. చెప్తే ఈ ముసలిప్రాణం తట్టుకోదు. చెప్పకపోతే రేపు వచ్చే బిడ్డకూ ఇదే గతి. చాలాసేపు వెతుక్కుని, నాకు చేతనైనంత మెత్తగా అన్నాను.

"అప్పుడు ఇట్లా చేద్దామమ్మా. పిండినాక ముందు చన్నీళ్ళతో బాగా కడుగుదాం. ఆ కడిగిన నీళ్ళు మల్లెచెట్టు మొదట్లో పోద్దాం. పాలు పూర్తిగా పోయినాకనే మంచినీళ్ళలో మరగబెడదాం. నిప్పుకు చుక్క తగలదు. బిడ్డకూ మంచిది."

ఆమె నా మొహంలోకి చూసింది. చేతిలోని మూట జారి నేల మీద పడింది, తీసుకోలేదు.

"ఈ మాట ఆ పొద్దే చెప్పింటే ఏం పోయిండేది సుందరమ్మా," అంది.

కండక్టరు కేకేస్తున్నాడు. ఆమె వంగి మూట తీసుకుని, బస్సు కమ్మీ పట్టుకుని ఎక్కి, కూతురి పక్కన కూర్చుని కొంగు మొహం మీదకు లాక్కుంది. నోరెక్కువని ఊరంతా పేరుపడ్డ దాన్ని, బస్సు కదిలేదాకా అక్కడే నిలబడ్డాను.