ఫ్యూజులో జరీ పోగు

ధర్మవరంలో ఆ చీరల సొసైటీ ఆఫీసు గడప తొక్కగానే మనిషికంటే ముందు వాసన ఎదురొచ్చేది. కాలిన రబ్బరు, ఎలుకల ఉచ్చ, నానిపోయిన టీ పొడి, అన్నీ కలిసిన వాసన. ఏళ్ల తరబడి అక్కడ టైపు కొడుతున్న సరోజమ్మకు అది అలవాటు కావాలి. కాలేదు. రోజూ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే లోపలికి వచ్చేది.

అన్నిటికంటే ఆమెకు రోత పుట్టేది గోడమీది స్విచ్ బోర్డును చూస్తే. మేనేజరు శివప్రసాద్ వక్కాకు వేసుకుని, సున్నం వేలు దాని అంచుకే తుడిచేవాడు. ప్లగ్గులనేవి లేవు. వైర్ల కొసలు పళ్లతో చీల్చి, బొక్కల్లో దూర్చి, ఊడకుండా అగ్గిపుల్లలు కుక్కేవాళ్లు. ఆయుధపూజకు వేసిన బంతిపూల దండ ఎండి బూజుపట్టి ఇంకా దానిమీదే వేలాడుతోంది. కింద చీరల మూటలు. ఆ మూటల వెనకాలెక్కడో మెయిన్ స్విచ్.

ముక్కు మూసుకుని ఇదంతా భరించేదే. కానీ ఆ ఏడు ఆఫీసుకు కంప్యూటరు వచ్చింది, దాని ముందు కూర్చోవడానికి తలుపుల అనే ఊరి నుంచి అమృత వచ్చింది. పిల్లను దిగబెట్టి పోతూ వాళ్లమ్మ నాగమ్మ బస్సు మెట్టుమీద నిలబడి, "అక్కా, నీ చేతుల్లో పెట్టి పోతాండా" అంది. బస్సు కదిలినా పట్టుకున్న చెయ్యి వదల్లేదు. ఆ చేతి తడి సరోజమ్మకు ఇంకా ఆరనే లేదు. అమృతకు కుర్చీ వేసింది సరిగ్గా ఆ బోర్డు కిందే.

కంప్యూటరు, ఫ్యాన్లు, టీ కాచే హీటరు ఒకేసారి వేస్తే ఫ్యూజు పోయేది. పోయినప్పుడల్లా స్టోరు చూసే ఆంజనప్ప బీరువాలోని జరీ రీలు తీసి, నాలుగు పోగులు మెలిపెట్టి ఫ్యూజుకు చుట్టేవాడు.

"ఏమప్పా ఆంజనప్పా, అది చీరకు వేసేదా, కరెంటుకు వేసేదా?"

"మన ధర్మవరం జరీ అక్కా! అవ్వ పెండ్లిచీర మనవరాలు కట్టినా తెగదు."

"తెగాల్సిన కాడ తెగకపోతే కొంప అంటుకుంటాది!"

"ఊరుకో సరోజమ్మా" అని నవ్వాడు శివప్రసాద్. "బొట్టు పెట్టినాం, దండేసినాం. ఇంకేం జేయల్ల?" అని మూలకు తిరిగి తుపుక్కున ఊశాడు.

కార్తీకంలో పెండ్లి చీరలకు గిరాకీ పెరిగింది. ఒక మధ్యాహ్నం పెనుకొండ షావుకారు వచ్చాడని హీటరు పెట్టారు. జరీ తెగలేదు. బోర్డులో వైరు కరిగింది. చిటచిటమని చప్పుడైంది, ఎండిన దండ భగ్గుమంది. మండుతున్న పూలు రాలి అమృత చున్నీమీద పడ్డాయి.

సరోజమ్మ చున్నీ లాగి చెప్పుకాలితో తొక్కింది. ఆంజనప్ప బకెట్టు ఎత్తాడు.

"నీళ్లు పోయొద్దప్పా! సస్తావు! మూటలు లాగు!"

మూటలు అవతల పడేసి మెయిన్ కిందికి గుంజాక, పొరకకట్టతో దండను కిందికి లాగి తొక్కారు. మంట ఆగింది. పిల్ల మెడమీద బొబ్బ లేచింది. షావుకారు టీ తాగకుండానే పోయాడు.

పొగ ఇంకా తగ్గలేదు. శివప్రసాద్ మూతి తుడుచుకుని, "సాయంత్రానికి బిల్లులు కావల్ల. ఆంజనప్పా, ఇంకో నాలుగు పోగులు మెలిపెట్టు" అన్నాడు. ఆంజనప్ప చెయ్యి అప్పటికే బీరువాలో ఉంది.

సరోజమ్మ మెయిన్ స్విచ్ దగ్గరికి పోయింది. మెయిన్ పెట్టె తెరిచి పింగాణీ ఫ్యూజు పెరికేసింది. నల్లబడిన జరీ దానికి అంటుకుని, వెంట్రుకలు కాలిన కంపు కొడుతోంది. దాన్ని తన ఖాళీ అన్నం గిన్నెలో వేసి మూతపెట్టి, అమృతను పట్టుకుని వరండాలోకి పోయి కూర్చుంది.

"ఏందిది? ఆఫీసు సొత్తు! ఇటియ్యి!"

"వైర్లు మార్చేవాన్ని పిలిపించండి సార్. అంతదాకా ఇయ్యను."

"నీమీద పైకి రాస్తా!"

"రాసుకోండి. లోపల లైటు లేదు, ఈడికొచ్చి రాసుకోండి."

ఆంజనప్పకు నవ్వొచ్చింది. అమృత మెడ చూశాక ఆ నవ్వు పోయింది. జరీ రీలు బల్లమీద పెట్టి సైకిలు తీశాడు.

"యాడికి రా?"

"ఎలక్ట్రీషియన్ కాడికి సార్."

అమృత మెల్లగా, "పెద్దమ్మా, మాయమ్మకు చెప్పొద్దు" అంది.

సరోజమ్మ గిన్నె ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది. ఇక అందులో అన్నం తినబుద్ధి కాదు. అయినా మూత తీయలేదు.