ఒంటికి పట్టిన వాసన

సబ్బుల కార్ఖానాలో ఆయన్ని అందరూ ముక్కు మాస్టారనే పిలుస్తారు. ముక్కు మీద కోపం ఉన్నవాళ్ళు బోలెడుమంది గానీ, ముక్కుని చూసుకుని ఇంత బడాయి పోయే మనిషి ఇంకొకడు దొరకడు. సువాసన నూనెలు కలిపే గదిలో ఆయన మాటకి తిరుగులేదు. సీసా మూత తీసీ తియ్యకముందే ఇందులో నిమ్మనూనె పాతబడింది, అందులో లావెండరు కల్తీ అని తేల్చి పారేస్తాడు. అలాగని చెడ్డవాడు కాదు. పెళ్ళామంటే పంచప్రాణాలు. పిల్లల్లేని ఆ ఇంట్లో ఆయనకి ఆవిడ, ఆవిడకి ఆయన, అంతే.

అలాంటి ఆవిడకి మళ్ళీ ఆపరేషన్ అన్నారు. మొదటిసారి గర్భసంచి తీసినప్పుడు మత్తు దిగాక వాంతులు పట్టుకున్నాయి. డోకి డోకి లోపలి కుట్లు విడిపోయి, తర్వాత అక్కడ పేగు ఉబ్బెత్తుగా పైకి తోసుకొచ్చింది. ఇప్పుడు దాన్ని లోపలికి నెట్టి, వల లాంటిది వేసి కుట్టాలి. సర్జన్ ఈయన్ని పక్కకి పిలిచి, ఈసారి కూడా అలా వాంతులైతే కుట్లు నిలబడవనీ, ఇంకోసారి కోస్తే ఆ ఒళ్ళు తట్టుకోవడం కష్టమనీ దాపరికం లేకుండా చెప్పేశాడు. ముక్కు మాస్టారి గుండెల్లో రాయి పడింది.

వాంతి ఆపే ఇంజెక్షన్ ఎలాగూ ఇస్తామని నర్సు చెప్పింది. దానికి తోడు, మత్తు దిగాక ఎవరికైనా కడుపులో తిప్పితే దూది మీద రెండు చుక్కలు పుదీనా నూనె వేసి ముక్కు దగ్గర పెడతామనీ, కొందరికి కాస్త ఉపశమనంగా ఉంటుందనీ అంటూ సీసా చూపించింది. అదే నర్సు చేసిన పాపం. ముక్కు మాస్టారు ఒక్కసారి పీల్చి మొహం చిట్లించాడు. ఇది పుదీనా కాదు, పళ్ళపొడి అన్నాడు. నూనె నేను తెస్తాను, మీరు కాదనకుండా ఉంటే చాలన్నాడు. నర్సు డాక్టరుని అడిగి సరేనంది.

అల్లం, నిమ్మ తొక్క, కాస్త లావెండరు. ఆ మూడూ ఆయన పాళ్ళలో కలిపితే వచ్చేది కార్ఖానాలో ఏళ్ళ తరబడి పోత పోస్తున్న స్నానం సబ్బు వాసన. ఆవిడకి ఆ వాసనంటే ఇష్టం. సాయంత్రం ఆయన విప్పిన చొక్కాని ఉతికే బట్టల్లో వేసేముందు ఒకసారి మొహానికి ఆనించుకోవడం ఆయన చాటుగా చూశాడు కూడా. అంతకన్నా మంచి మందేముంటుందనుకున్నాడు పాపం.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆగుతాడా? కార్ఖానాలో కొత్తవాళ్ళకి ఆయన నేర్పే మొదటి పాఠం ఒకటుంది. ఒక వాసన మన మాట వినాలంటే ముందు ముక్కుకి అది అలవాటు కావాలి, రోజుల తరబడి దాంతో కాపరం చెయ్యాలి. ఆ పాఠమే ఇంట్లో పెళ్ళానికీ మొదలెట్టాడు. ఆపరేషన్‌కి ముందు ఆవిడకి ఏవో మాత్రలిచ్చారు, మింగితే చాలు కడుపులో తిప్పేది. ఆ తర్వాత కడుపు శుభ్రం కావడానికి ఉప్పటి మందు నీళ్ళు చెంబులకి చెంబులు తాగమన్నారు. తిప్పినప్పుడల్లా ఈయన దూది పట్టుకుని హాజరు. ఆవిడ వాష్‌బేసిన్ మీదకి వంగి డోకుతుంటే, పక్కన నుంచుని గట్టిగా పీల్చు, అలవాటైపోతుంది అనేవాడు. కళ్ళ నీళ్ళు కారుతున్నా ఆవిడ పీల్చేది. కాదంటే చిన్నబుచ్చుకుంటాడని.

ఆపరేషన్ బాగానే అయింది. ఆవిడ కళ్ళు తెరిచి దాహం అంది. తోడుగా వచ్చిన ఆవిడ చెల్లెలు తడిగుడ్డతో పెదాలు తడిపింది. ఇంజెక్షన్ పనిచేసింది, ఇక భయం లేదని నర్సు అంటూనే ఉంది, ముక్కు మాస్టారు జేబులోంచి సీసా తీశాడు. ఎందుకైనా మంచిదని.

దూది ఇంకా ముక్కు దాకా రానేలేదు, ఆవిడ మొహం పక్కకి తిప్పుకుని రెండు చేతులతో కడుపు పట్టుకుంది. డోకు వచ్చింది, దాని వెనకే ఇంకోటి. మత్తు వల్లేననుకుని ఈయన ఇంకో నాలుగు చుక్కలు పోసి మరింత దగ్గరగా పెట్టాడు. నర్సు ఆ చెయ్యి పట్టి లాగేసేసరికే కట్టు మీద ఎర్రగా ఊరింది. ఒక కొసన కుట్లు వదిలాయి. సర్జన్ పరుగున వచ్చి మళ్ళీ కుట్టాడు. ఇంకొక్కసారి ఇలా అయితే నా చేతుల్లో ఏమీ ఉండదన్నాడు.

తప్పెక్కడ జరిగిందో ముక్కు మాస్టారికి అప్పుడు తట్టింది. వాసనల పనిలో తల నెరిసినవాడు కదా. తను ఆవిడకి అలవాటు చేసింది వాసన ఒక్కటే కాదు, దాంతోబాటు డోకు కూడా. తన మీద తనకే అసహ్యం వేసింది. సీసా తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేసి, పోనీలే, దాంతో పీడ వదిలిందనుకున్నాడు.

వదల్లేదు. మర్నాడు మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడో లేదో, ఆవిడ పెదాలు బిగించి గుటకలు మింగడం మొదలెట్టింది. ఏమైందంటే ఫినాయిల్ కంపంది. కాసేపటికి పక్క మంచం వాళ్ళ టిఫిన్ వాసనంది. ఆయన కిటికీలు తీయించాడు, ఆయా చేత నేల మళ్ళీ తుడిపించాడు, పక్కవాళ్ళతో తగువుకి దిగినంత పని చేశాడు. చెయ్యి పట్టుకుంటే ఆవిడ ఊపిరి బిగబట్టి నవ్వేది. ఆ నవ్వు చూసి మురిసిపోయాడు వెర్రి మనిషి.

చివరికి మరదలే ఆయన్ని వరండాలోకి పిలిచింది. ఆయన మొహంలోకి చూడకుండా, గోడకేసి తిరిగి చెప్పింది.

"బావగారూ, ఏమీ అనుకోకండి. మీరు ఇంటికెళ్ళినప్పుడు అక్క కాస్త జావ తాగుతోంది, నిద్రపోతోంది. మీరొస్తేనే..."

"నా దగ్గర ఆ వాసన వస్తోందా?"

"మీకు తెలీదా?"

చొక్కా చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ తెలియలేదు. ఊళ్ళో ఉన్న సీసాలన్నిటి గుట్టూ విప్పే ముక్కుకి తన ఒళ్ళు మాత్రం తెలియదు. ఇన్నేళ్ళుగా అందులోనే మునిగి ఉన్నాడాయె.

ఇంటికెళ్ళి చర్మం మండేదాకా వట్టి బట్టల సోడాతో రుద్దుకున్నాడు. దుకాణంలో కొత్త చొక్కా కొని అక్కడే తొడుక్కున్నాడు. తిరిగొచ్చి పరీక్షకి నిలబడ్డట్టు మరదలి ముందు నిలబడ్డాడు. ఆ పిల్ల ఊపిరి పీల్చి, తలొంచుకుని, లేదు బావగారూ, పోలేదంది.

ఇంక లోపలికి వెళ్ళలేదు. వార్డు గోడకి ఇవతల బెంచీ మీద కూలబడి ఆవిడకి ఫోన్ చేశాడు. కార్ఖానాలో అర్జెంటు పని పడింది, కొన్నాళ్ళు రావడం కుదరదు, కోప్పడకు అన్నాడు. అవతల ఆవిడ నిండుగా ఊపిరి వదలడం వినిపించింది. కోపమెందుకు, పని చూసుకోండంది. వేళకి తినమంది, గ్యాసు కట్టెయ్యడం మర్చిపోవద్దంది. ఎన్నాళ్ళుగానో అంత తేలిగ్గా మాట్లాడలేదు. రోజూ ఇలాగే ఫోన్ చెయ్యండి, మీ గొంతు వింటుంటే హాయిగా ఉందంది. అలాగేనన్నాడు. ఏడుపు వినపడుతుందేమోనని చప్పున ఫోన్ కట్టేశాడు.

వార్డు తలుపు ఓరగా వేసి ఉంది. లోపల ఆవిడ చెల్లెల్ని అడుగుతోంది.

"డాక్టరుగారితో చెప్పి ఇంకొన్నాళ్ళు నన్ను ఇక్కడే ఉంచమనవే. ఇంటికి పంపించేస్తే, దిండు దిండుకీ ఆయన వాసనే, నేనెక్కడ పడుకోను?"